సొంత ఫైళ్లకు ఎన్‌క్రిప్షన్: ఏ సాఫ్ట్‌వేర్‌ని నమ్మొచ్చు?

గోదారిగట్టు

ఇంట్లో స్కాన్ చేసి పెట్టుకున్న కాగితాలు ఆరు జీబీ దాకా ఉన్నాయి. పట్టాదారు పాసు పుస్తకాలు, రిజిస్ట్రేషన్ దస్తావేజులు, ఆధార్, పాన్, పిల్లల సర్టిఫికెట్లు, ఐటీ రిటర్నులు. ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 హోమ్. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో, ఇంకోటి గూగుల్ డ్రైవ్‌లో ఉండాలి. ల్యాప్‌టాప్ పోయినా, పెన్‌డ్రైవ్ ఎవరికి దొరికినా లోపలివి కనపడకూడదు, అంటే పాస్‌వర్డ్ లేకుండా చదవలేని రూపంలోకి మార్చి (ఎన్‌క్రిప్ట్ చేసి) పెట్టాలి. నాకేమైనా అయితే ఇంట్లోవాళ్లు తెరుచుకోగలగాలి. వెతికితే బోలెడు పేర్లు వస్తున్నాయి, అన్నీ 'మిలిటరీ గ్రేడ్' అనే చెప్పుకుంటున్నాయి. దేన్ని చూసి నమ్మాలి?

హెక్స్‌రాత

ఆ మాటను పట్టించుకోకండి. ఏఈఎస్-256 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి (అల్గారిదమ్) ఇప్పుడు అందరూ వాడేదే, కాబట్టి దాని పేరు చూసి ఎంచుకోవడానికి ఏమీ ఉండదు. 'మా సొంత అల్గారిదమ్' అని రాసినదాన్ని మాత్రం వెంటనే పక్కన పెట్టేయండి.

చూడాల్సింది సోర్స్ కోడ్ (సాఫ్ట్‌వేర్ రాసిన అసలు పాఠం) ఎవరైనా చదివేలా బయట ఉందా, బయటివాళ్లు ఆడిట్ చేశారా, ఆ రిపోర్టు మొత్తం చదవడానికి దొరుకుతుందా అని. ఉచితంగా దొరికే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ వెరాక్రిప్ట్‌ని 2016లో క్వార్క్స్‌ల్యాబ్ అనే భద్రతా సంస్థ ఆడిట్ చేసినప్పుడు తీవ్రమైన లోపాలే 8 దొరికాయి. చాలావాటిని 1.19 వెర్షన్‌లో సరిచేశారు, మిగిలినవి ఏవో కూడా చెప్పారు. లోపాలే లేవనే సాఫ్ట్‌వేర్ కన్నా, దొరికినవి ఇవి, సరిచేసింది ఇక్కడ అని చూపించేది నయం.

దాన్ని తయారుచేసినవాళ్లు రేపు మానేస్తే మీ ఫైళ్ల గతేంటన్నది కూడా అంతే ముఖ్యం. అలాంటిదే అయిన పాత సాఫ్ట్‌వేర్ ట్రూక్రిప్ట్‌ని తయారుచేసిన బృందం 2014 మే 28న ఉన్నట్టుండి చేతులెత్తేసింది. అయినా వాడేవాళ్ల డేటా ఎక్కడికీ పోలేదు. కోడ్ బయట ఉంది, దాన్నుంచి పుట్టిన వెరాక్రిప్ట్ అప్పటికే ఉంది, పాత వాల్యూమ్‌లు (ఎన్‌క్రిప్ట్ చేసిన నిల్వలు) అందులో తెరుచుకున్నాయి. అలాగని ఎల్లకాలం తెరుచుకుంటాయని కాదు. 1.26 నుంచి ట్రూక్రిప్ట్ సపోర్ట్ తీసేశారు, పాతవి ఉన్నవాళ్లు 1.25.9తో తెరిచి కొత్త వాల్యూమ్‌లోకి మార్చుకోవాలి. క్లౌడ్ ఫైళ్ల కోసం చాలామంది నమ్ముకున్న బాక్స్‌క్రిప్టర్‌ని 2022 నవంబర్‌లో డ్రాప్‌బాక్స్ తీసుకుంది, కొత్త ఖాతాలు ఆపేసింది. పద్ధతి బాగున్నా యజమాని మారితే మన పని ఆగిపోతుంది.

ప్లే స్టోర్‌లో 'ఫోల్డర్ లాక్', క్యాలిక్యులేటర్ రూపంలో దాక్కునే 'వాల్ట్' యాప్‌ల జోలికి వెళ్లకండి. వాటిలో చాలావరకు ఫైల్ పేరు మార్చి దాచేవే. కొన్నిటిలో యాప్ తీసేస్తే ఫైళ్లూ దానితోపాటే పోతాయి.

గట్టితాళం

గోదారిగట్టు గారూ, మీ అవసరం మూడు ముక్కలు. ల్యాప్‌టాప్ డిస్క్‌కి ఒకటి, పెన్‌డ్రైవ్‌కి ఒకటి, క్లౌడ్‌కి ఒకటి. మూడింటికీ ఒకే సాఫ్ట్‌వేర్ కోసం చూడకండి.

ముందు డిస్క్ సంగతి. విండోస్ హోమ్‌లో పూర్తి బిట్‌లాకర్ (డిస్క్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం) లేదు కానీ 'డివైస్ ఎన్‌క్రిప్షన్' ఉంటుంది, చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో ముందే ఆన్ అయి ఉంటుంది. సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి చూసుకోండి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో ఒక్కసారి కూడా లాగిన్ కాకపోతే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయినట్టే కనిపిస్తుంది, కానీ తాళంచెవి అదే డిస్క్ మీద తెరిచే ఉంటుంది. ఆ స్థితిలో రక్షణ లేనట్టే.

డిస్క్ మామూలుగా తెరుచుకోనప్పుడు వాడే రికవరీ కీ 48 అంకెలు. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో పడుతుంది. అంటే ఆ ఖాతా ఎవరి చేతిలో ఉంటే కీ వాళ్లకు అందుతుంది, కాబట్టి ఖాతాకు రెండంచెల లాగిన్ తప్పనిసరి. కీని కాగితం మీద ప్రింట్ తీసి పెట్టుకోండి. కంప్యూటర్‌ని మొదలుపెట్టే బయాస్ అప్‌డేట్ అయినా, మదర్‌బోర్డు మార్చినా విండోస్ ఆ 48 అంకెలే అడుగుతుంది. ఖాతా పాస్‌వర్డ్ మర్చిపోయి, కాగితమూ లేకపోతే సర్వీస్ సెంటర్‌వాళ్లు చేయగలిగింది ఫార్మాట్ ఒక్కటే.

సొంత ఎన్‌క్రిప్షన్ ఉందని చెప్పుకునే ఎస్‌ఎస్‌డీలను, పెన్‌డ్రైవ్‌లను మాత్రం నమ్ముకోవద్దు. కొన్ని ప్రముఖ ఎస్‌ఎస్‌డీల హార్డ్‌వేర్ ఎన్‌క్రిప్షన్‌లో పాస్‌వర్డ్ లేకుండానే డేటా బయటికి తీయొచ్చని నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ యూనివర్సిటీవాళ్లు 2018లో చూపించారు. ఆ తర్వాతే బిట్‌లాకర్ సొంతంగా సాఫ్ట్‌వేర్‌తో ఎన్‌క్రిప్ట్ చేయడాన్ని డిఫాల్ట్‌గా మార్చుకుంది.

మానేరు_తీరం

పెన్‌డ్రైవ్‌కి వెరాక్రిప్ట్. అయితే పెన్‌డ్రైవ్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేయకండి, ఫైల్ కంటెయినర్ చేసుకోండి, అంటే పాస్‌వర్డ్ ఇస్తే డ్రైవ్‌లా తెరుచుకునే ఒకే పెద్ద ఫైల్. మొత్తం చేస్తే, దాన్ని ఏ కంప్యూటర్‌కి గుచ్చినా 'ఫార్మాట్ చేస్తే తప్ప వాడలేరు' అని విండోస్ అడుగుతుంది. ఇంట్లో ఎవరో ఒకరు ఆ బటన్ నొక్కేస్తారు.

పెన్‌డ్రైవ్ 32 జీబీది తీసుకుని ముందు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌లో (డిస్క్ మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) ఫార్మాట్ చేయండి. ఫ్యాట్32లో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు, మీ కంటెయినర్ అందులో పట్టదు. తర్వాత వెరాక్రిప్ట్‌లో క్రియేట్ వాల్యూమ్ నొక్కి, ఎన్‌క్రిప్టెడ్ ఫైల్ కంటెయినర్, స్టాండర్డ్ ఎంచుకోండి.

తర్వాతి తెర దగ్గర చాలామంది డేటా పోగొట్టుకుంటారు. 'ఫైల్ ఎంచుకోండి' అంటుంది. దాచాల్సిన ఫైల్‌ని ఎంచుకోమంటోందని అనుకుని దస్తావేజుల పీడీఎఫ్‌ని చూపిస్తారు. వెరాక్రిప్ట్ దాన్ని ఎన్‌క్రిప్ట్ చేయదు, తుడిచేసి దాని స్థానంలో ఖాళీ కంటెయినర్ పెడుతుంది. అక్కడ ఇంతవరకు లేని కొత్త పేరు టైప్ చేయాలి.

అల్గారిదమ్ ఏఈఎస్, హాష్ (పాస్‌వర్డ్‌ని వెనక్కి తిప్పలేని అంకెగా మార్చే లెక్క) ఎస్‌హెచ్‌ఏ-512, ఉన్నవి అలాగే ఉంచండి. మూడు అల్గారిదమ్‌లు కలిపినవి ఎంచుకుంటే వేగం తగ్గడం తప్ప మీకు ఒరిగేది లేదు. సైజు 16 జీబీ ఇవ్వండి, తర్వాత పెంచడం తలనొప్పి. విండోస్ ఒక్కటే వాడితే లోపల ఎన్‌టీఎఫ్‌ఎస్, మ్యాక్ కూడా ఉంటే ఎక్స్‌ఫ్యాట్. మౌస్‌ని పట్టీ నిండేదాకా కదిలించి ఫార్మాట్ కొట్టండి.

పిమ్ అనే గడిని (ఆ లెక్క ఎన్నిసార్లు తిరగాలో నిర్ణయించే అంకె) ఖాళీగా వదిలేయండి. ఖాళీ అంటే 485 అన్నట్టే, అంటే పాస్‌వర్డ్ మీద హాష్ 5,00,000 సార్లు తిరుగుతుంది. తెరుచుకోవడానికి కొన్ని సెకన్లు పట్టడానికి కారణం అదే, సాఫ్ట్‌వేర్ పాడైందని కంగారు పడక్కర్లేదు. పిమ్ మార్చారంటే పాస్‌వర్డ్‌తోపాటు ఆ అంకె కూడా గుర్తుండాలి, లేకపోతే సరైన పాస్‌వర్డ్‌నే తప్పంటుంది.

చివరగా టూల్స్‌లో 'బ్యాకప్ వాల్యూమ్ హెడర్' చేసి ఆ ఫైల్‌ని వేరేచోట పెట్టండి. అసలు తాళంచెవి కంటెయినర్ మొదట్లో ఉండే హెడర్‌లో ఉంటుంది, అది పాడైతే పాస్‌వర్డ్ తెలిసినా తెరవలేరు. కంటెయినర్ చివర్లో ఇంకో కాపీ ఉంటుంది కానీ దాని మీదే ఆధారపడొద్దు.

పని అయ్యాక ముందు వెరాక్రిప్ట్‌లో అన్‌మౌంట్ (పాత వెర్షన్లలో డిస్మౌంట్) నొక్కి కంటెయినర్ మూసేయాలి, ఆ తర్వాతే పెన్‌డ్రైవ్ ఎజెక్ట్. ఊరికే లాగేస్తే లోపలి ఫైల్ సిస్టమ్ దెబ్బతింటుంది, ఎక్స్‌ఫ్యాట్ అయితే మరీనూ.

కృష్ణ_ఒడ్డు

ఇంత అవసరమా? పీడీఎఫ్‌లకు పాస్‌వర్డ్ పెట్టి జిప్ చేస్తే చాలదా? ఈ-ఆధార్‌కి ఎలాగూ పాస్‌వర్డ్ ఉంటుంది కదా.

హెక్స్‌రాత

ఈ-ఆధార్ పాస్‌వర్డ్ అంటే పేరులో మొదటి నాలుగు ఇంగ్లీష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం. పేరు తెలిసినవాడికి మిగిలేది ఓ వంద సంవత్సరాలు, కంప్యూటర్‌కి రెప్పపాటు పని. ఈ-పాన్‌కి పుట్టినతేదీ. అవి దారిలో వేరేవాళ్ల కంట పడకుండా వేసిన అడ్డుతెరలే తప్ప తాళాలు కావు.

మామూలు జిప్ పాస్‌వర్డ్ ఇంకా బలహీనం. అందులోని జిప్‌క్రిప్టో పద్ధతిని ఎలా విరగ్గొట్టాలో 1994లోనే ప్రచురించారు. లోపలి ఒక ఫైల్‌లో కొన్ని బైట్లు తెలిస్తే చాలు, పాస్‌వర్డ్ ఎంత పొడుగున్నా లాభం లేదు. ఒకరికి ఒకే ఫైల్ పంపాల్సి వస్తే సెవెన్-జిప్‌లో ఫార్మాట్ '7జెడ్' ఎంచుకుని, 'ఎన్‌క్రిప్ట్ ఫైల్ నేమ్స్' టిక్ పెట్టండి. టిక్ పెట్టకపోతే పాస్‌వర్డ్ లేకుండానే లోపలి ఫైళ్ల పేర్లన్నీ కనిపిస్తాయి. అందులోంచి డబుల్ క్లిక్ చేసి తెరిచినప్పుడు ఫైల్ కాపీ టెంప్ ఫోల్డర్‌లోకి వస్తుంది, కాబట్టి రోజువారీ వాడకానికి ఇది పనికిరాదు.

డేటాకాపు

వెరాక్రిప్ట్ కంటెయినర్‌ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టాలనుకునేవాళ్లు ఆగండి. కంటెయినర్‌లో ఏం మార్చినా బయట ఫైల్ తేదీ మారకుండా వెరాక్రిప్ట్ కావాలనే ఆపుతుంది. దాంతో ఫైళ్లను క్లౌడ్‌కి ఎక్కించే సింక్ సాఫ్ట్‌వేర్‌కి మార్పు జరిగిందనే తెలియదు, క్లౌడ్‌లో నెలల పాత కాపీయే ఉండిపోతుంది. ప్రిఫరెన్సెస్‌లో 'ప్రిజర్వ్ మాడిఫికేషన్ టైమ్‌స్టాంప్' టిక్ తీసేస్తే మార్పు తెలుస్తుంది. కానీ అప్పుడు ఒక్క పేజీ చేర్చినా 16 జీబీ మళ్లీ ఎక్కించాలి.

క్లౌడ్‌కి క్రిప్టోమేటర్ సరైనది. జర్మనీలోని స్కైమాటిక్ అనే కంపెనీది, కోడ్ బయటే ఉంది, కంప్యూటర్‌లో ఉచితం. ప్రతి ఫైల్‌నీ విడిగా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది కాబట్టి మార్చిన ఫైల్ ఒక్కటే ఎక్కుతుంది. పేర్లు కూడా దాస్తుంది. ఎన్ని ఫైళ్లున్నాయి, సుమారు ఎంత సైజు, ఎప్పుడు మారాయి అన్నవి మాత్రం క్లౌడ్‌వాళ్లకు కనిపిస్తాయి. కాగితాల స్కాన్లకు దాంతో పేచీ లేదు.

అందులో వాల్ట్ (ఎన్‌క్రిప్ట్ అయిన ఫోల్డర్) తయారుచేసేటప్పుడు రికవరీ కీ కావాలా అని అడుగుతుంది. ఇక్కడ 'వద్దు' అనకండి. అది పొడవాటి ఇంగ్లీష్ మాటల వరస, ప్రింట్ తీసుకోవాలి. అసలు తాళంచెవి ఉండే 'మాస్టర్‌కీ' ఫైల్ పొరపాటున డిలీట్ అయినా దాంతో తిరిగి తయారుచేసుకోవచ్చు. రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకే వాల్ట్‌ని ఒకేసారి తెరిచి మార్పులు చేయకండి, ఒకే ఫైల్‌కి పొంతన లేని రెండు కాపీలు (కాన్‌ఫ్లిక్ట్ కాపీలు) పుడతాయి.

వెరాక్రిప్ట్, క్రిప్టోమేటర్ రెండింటికీ వర్తించే మాట ఒకటి. పాస్‌వర్డ్ మార్చితే లోపలి అసలు తాళంచెవి మారదు. పాత పాస్‌వర్డ్ ఎవరికైనా తెలిసి, పాత హెడర్ బ్యాకప్ గానీ పాత మాస్టర్‌కీ ఫైల్ గానీ వాళ్ల దగ్గర ఉంటే ఇంకా తెరవగలరు. పాస్‌వర్డ్ బయటపడిందని అనుమానం వస్తే కొత్త కంటెయినర్ చేసి ఫైళ్లు అందులోకి మార్చాలి.

గోదారిగట్టు

చాలా థ్యాంక్సండీ. పాస్‌వర్డ్ తెలుగులోనే టైప్ చేయొచ్చా? ఇంట్లోవాళ్లకు గుర్తుంటుందని.

మానేరు_తీరం

వెరాక్రిప్ట్ కంటెయినర్ ఒప్పుకుంటుంది, కానీ వద్దు. తెరమీద ఒకేలా కనిపించే తెలుగు మాట లోపల వేరేగా ఉండొచ్చు. ఐత్వం ఒకే గుర్తుగా రావచ్చు, లేదా ఎత్వమూ దానికింద ఐత్వపు తోకా కలిపి రెండు గుర్తులుగా రావచ్చు. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటలో పొల్లు తర్వాత కంటికి కనపడని గుర్తు ఒకటి ఉంటుంది, కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వేయవు. కీబోర్డ్ మారితే పాస్‌వర్డ్ మారిపోయినట్టే. పైగా ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, పరిమితి 128 బైట్లు.

తెలుగు మాటల్నే ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ ఇచ్చి రాయండి. ఆరు మాటలు. మనసుకు తోచినవి కాదు, నిఘంటువు ఎక్కడపడితే అక్కడ తెరిచి వేలు పెట్టినచోట దొరికినవి. దేవుళ్ల పేర్లు, సామెతలు, పద్యపాదాలు వద్దు. పాచికలతో ఎంచుకునే 7,776 మాటల పట్టికలో ఆరు మాటలకు 77 బిట్ల బలం (అంటే 2ని 77 సార్లు గుణిస్తే వచ్చినన్ని కలయికలు) వస్తుంది, నిఘంటువు పద్ధతి దానికి దగ్గరగా ఉంటే చాలు. 'వంకాయ'లో ఇంగ్లీష్ 'a' ఒకసారా రెండుసార్లా అన్న సందేహం ఇంట్లోవాళ్లకు తప్పకుండా వస్తుంది. కాగితం మీద అక్షరం అక్షరం విడదీసి రాయండి.

గట్టితాళం

డౌన్‌లోడ్ గురించి ఎవరూ చెప్పలేదు. గూగుల్‌లో పైన వచ్చే ప్రకటన నొక్కకండి. 2023 అక్టోబర్‌లో కీపాస్ అనే పాస్‌వర్డ్ మేనేజర్ పేరుతో, అడ్రస్‌లో 'కె' కింద చిన్న గుర్తున్న నకిలీ సైట్‌ని ప్రకటనగా నడిపారు. వెరాక్రిప్ట్, క్రిప్టోమేటర్ ఇన్‌స్టాలర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డిజిటల్ సిగ్నేచర్స్ చూడండి. ఆ ట్యాబే లేకపోయినా, పేరు పొంతన లేకపోయినా తెరవొద్దు.

ఇంకోటి, పనులకు వరస ఉంది. ముందు డివైస్ ఎన్‌క్రిప్షన్, ఆ తర్వాత స్కానింగ్. ఎస్‌ఎస్‌డీ మీద డిలీట్ చేసిన ఫైల్ నిజంగా చెరిగిందని హామీ లేదు, ఏ 'ష్రెడ్డర్' సాఫ్ట్‌వేర్ కూడా ఇవ్వలేదు. గూగుల్ డ్రైవ్‌లో పాత కాపీలుంటే బిన్ కూడా ఖాళీ చేయాలి, లేకపోతే 30 రోజులు ఉంటాయి. ఫోన్ స్కానర్ యాప్‌నీ, గ్యాలరీనీ, వాట్సాప్‌లో పంపుకున్న కాపీలనీ మర్చిపోవద్దు.

ఇంటర్నెట్ సెంటర్‌లో ప్రింట్ కావాలంటే ఆ ఒక్క పేజీని మాత్రం వేరే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. అక్కడి కంప్యూటర్‌లో మీ కంటెయినర్ పాస్‌వర్డ్ టైప్ చేయొద్దు.

డేటాకాపు

ఇంట్లోవాళ్ల కోసం రాసే కాగితంలో ఇవి ఉండాలి: సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, ఏ ఫైల్ ఎక్కడుంది, పాస్‌వర్డ్, క్రిప్టోమేటర్ రికవరీ కీ, విండోస్ రికవరీ కీ 48 అంకెలు, గూగుల్ ఖాతాలోకి వెళ్లే దారి. కాగితం బ్యాంకు లాకర్‌లో, పెన్‌డ్రైవ్ ఇంట్లో. రెండూ ఒకే కవర్లో పెట్టకండి. వెరాక్రిప్ట్ ఇన్‌స్టాలర్‌ని పెన్‌డ్రైవ్‌లోనే, కంటెయినర్ బయట ఉంచండి. అది నడవాలంటే కంప్యూటర్‌లో అడ్మిన్ హక్కులు కావాలన్న సంగతీ రాయండి.

రాశాక మీరు పక్కన కూర్చోకుండా, ఇంట్లో ఒకరిచేత వేరే ల్యాప్‌టాప్‌లో ఆ కాగితం చూసి తెరిపించండి. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ కాగితం సరిదిద్దాలి. పెన్‌డ్రైవ్‌ని ఏళ్లతరబడి అలా వదిలేస్తే అందులోని డేటా నెమ్మదిగా చెదిరిపోవచ్చు, కాబట్టి ఏడాదికోసారి గుచ్చి, పెద్ద ఫైళ్లు నాలుగైదు తెరిచి చూసి, క్లౌడ్ కాపీతో సరిపోల్చుకోండి.