ఈజిప్టు దొరది 'వేట' అవుతుందా?

పిల్లల పత్రికకి ప్రాచీన ఈజిప్టు మీద వ్యాసం రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. అక్కడి సమాధుల గోడల మీద చేపల బొమ్మలు ప్రధానంగా రెండు రకాలు. థీబ్స్‌లోని మెన్నా సమాధిలో (సుమారు క్రీ.పూ. 1400) దొరగారు పెళ్ళాంపిల్లలతో తెప్పెక్కి ఈటెతో ఒక్క పోటుకి రెండు చేపల్ని పొడుస్తారు. సక్కారాలోని మెరెరుకా సమాధిలో, అంతకు 900 ఏళ్ళ ముందే, పనివాళ్ళు వరసగా నిలబడి వల లాగుతుంటారు. మొదటిది సరదా, రెండోది తిండి కోసం. అందుకని మొదటిదానికి 'చేపల వేట', రెండోదానికి 'చేపలు పట్టడం' అని పెట్టాను. బాగుందా?

జవాబు: తలకిందులైందండీ! మాది కాకినాడ వైపు. సముద్రం మీద బతికేవాళ్ళే 'వేటకెళ్ళాం' అంటారు. ప్రభుత్వ కాగితాల్లోనూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండేది 'వేట నిషేధం'. చెరువుగట్టున గాలమేసి కూర్చున్న సరదారాయుణ్ణి మాత్రం 'చేపలు పడుతున్నాడు' అంటాం.

జవాబు: కాకినాడవారి మాటకి ఈజిప్టు భాషలోనే సాక్ష్యం ఉంది. వాళ్ళ లిపిలో అచ్చులు రాయరు కాబట్టి ఉజ్జాయింపుగా 'వెహా' అని చదివే మాట ఒకటుంది. చేపలు పట్టేవాడూ వెహాయే, పిట్టలు పట్టేవాడూ వెహాయే. ఇద్దరిదీ నైలు చిత్తడి నేలే, ఇద్దరి చేతిలోనూ వలే. మన 'వేటగాడు' చక్కగా సరిపోతుంది. దొరగారి బొమ్మ పక్కన రాసే క్రియ వేరు. దానికి విసరడం, పొడవడం అని అర్థం.

జవాబు: వేట అన్నాక ప్రాణభయం కూడా ఉండాలిగా. అది జాలరికే ఉంది. వృత్తులన్నిటినీ వెక్కిరిస్తూ, లేఖకుడివి కమ్మని ఒక తండ్రి కొడుక్కి చేసిన బోధ ఈజిప్టు సాహిత్యంలో ఉంది. అందులో అన్నిటికంటే అధ్వాన్నం జాలరి బతుకట, పని మొసళ్ళ మధ్య కాబట్టి.

జవాబు: దొరది ఉత్త సరదా అనడం కూడా సరికాదు. ఆ రెండు చేపల్లో ఒకటి తిలాపియా, మన బజార్లో అమ్మేదే. గుడ్లనీ పిల్లల్నీ నోట్లో పెట్టుకుని కాపాడుతుంది. నోట్లోంచి పిల్లలు బయటికి రావడం చూసి ఈజిప్టువాళ్ళు దాన్ని పునర్జన్మకి గుర్తుగా భావించారు. సమాధి గోడ మీదికి ఊరికే ఎక్కలేదు.

పోస్టు పెట్టినవారు: ఒప్పుకున్నాను. 'జాలర్ల వేట', 'ఈటెతో చేపల్ని పొడుస్తున్న దొర' అని మార్చేశాను. పోతే, ఆ పాపిరస్ కట్టల పడవని తెప్ప అన్నాను. పుట్టి అనాలా?

కాకినాడవారు: పుట్టి గుండ్రంగా ఉంటుందండీ. తెప్పే ఉంచండి.