పొజెషన్ తీసుకుని మూడేళ్లు దాటింది, గోడ నానిపోతోంది, బిల్డర్ పుట్టీ కొట్టిస్తానంటున్నాడు. ఏం చెయ్యాలి?

పోరంకి ఫ్లాట్:

అందరికీ నమస్తే అండి. మాది పోరంకిలో మూడో అంతస్తు, టూ బీహెచ్‌కే. 2022 ఫిబ్రవరిలో పొజెషన్ లెటర్ ఇచ్చారు, ఉగాది వెళ్లాక గృహప్రవేశం చేసుకున్నాం. మొదటి వానాకాలం బాగానే గడిచింది. రెండో ఏడు నుంచి బాత్‌రూమ్‌కి ఆనుకున్న బెడ్‌రూమ్ గోడ, నేల దగ్గర మొదలై మూరెడు ఎత్తు దాకా ఉబ్బిపోయి పెయింట్ పొరలు పొరలుగా రాలుతోంది, వేలితో గీకితే తెల్లగా ఉప్పు పొడి వస్తోంది. బీరువా ఆ గోడకే ఉంది. మా ఆవిడ పెళ్లి పట్టుచీర అడుగు అరలో బూజు పట్టింది, ఇంట్లో అసలు గొడవ అక్కడ మొదలైంది అనుకోండి.

ఇది కాక హాల్లో కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక పగులు, బీమ్ కింద అడ్డంగా ఇంకో సన్న పగులు.

బిల్డర్‌కి ఫోన్ చేస్తే ఏడాది నుంచీ "చూద్దాం సార్", "కుర్రాణ్ణి పంపిస్తా సార్" అనడమే. గట్టిగా అడిగితే "బెజవాడ ఎండలు తెలియనివా సార్, ఏ ఇంట్లో లేవు పగుళ్లు" అన్నాడు. ఇప్పుడేమో ఈ ఆదివారం పెయింటర్ని పంపి పుట్టీ కొట్టించి రంగు వేయిస్తాడట, వాచ్‌మన్ చెప్పాడు. మా బావమరిది అయితే "లైసెన్స్ ఉన్న బిల్డరే కదా బావా, మున్సిపాలిటీలో ఒక కంప్లయింట్ పడేస్తే లైసెన్స్ పోతుందని కాళ్లబేరానికొస్తాడు" అంటున్నాడు. నిజమేనా? ఫ్లాట్ 46 లక్షలకి కొన్నాం, డాక్యుమెంట్‌లో 31 లక్షలు. ఇందువల్ల ఏమన్నా ఇబ్బందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు, తెలిసినవాళ్లు చెప్పండి.

సైట్ ఇంజినీర్, కానూరు:

ముందు నీళ్లు ఎక్కడివో తేల్చుకోండి సార్, అది తేలకుండా ఏ ఆఫీసుకి వెళ్లినా బిల్డర్ "పై ఫ్లాట్ వాళ్ల తప్పు" అని చేతులు దులుపుకుంటాడు. చెమ్మ సీలింగ్ నుంచి కిందికి దిగుతుంటే పైవాళ్ల బాత్‌రూమ్‌ని అనుమానించాలి. మీకు నేల దగ్గర నుంచి పైకి ఎక్కుతోంది అంటున్నారు కాబట్టి అది మీ సొంత బాత్‌రూమే అయ్యుంటుంది. బాత్‌రూమ్ స్లాబ్‌ని పల్లంగా దించి, పైపులు వేసి, వాటర్ ప్రూఫింగ్ చేసి, పైన రాబిష్ నింపి టైల్స్ వేస్తారు. ఆ వాటర్ ప్రూఫింగ్ సరిగా చెయ్యకపోయినా, పైపు జాయింట్ లూజుగా ఉన్నా, ఆ పల్లంలో నీళ్లు నిలబడి గోడ ఇటుక దీపం వత్తిలా పైకి పీల్చుకుంటుంది. ఉప్పు కూడా ఆ నీళ్లతో బయటికొచ్చేదే. పైన పుట్టీ కొడితే రెండు నెలలు, మహా అయితే మూడు.

చిన్న పని చెయ్యండి. కింది రెండో అంతస్తు వాళ్ల ఇంటికెళ్లి వాళ్ల బాత్‌రూమ్ సీలింగ్ ఒకసారి చూపించమనండి. తర్వాత మీ నహానీ ట్రాప్‌కి, అంటే బాత్‌రూమ్ నేల మీద నీళ్లు పోయే కన్నానికి, గుడ్డ కుక్కి మూసేసి, బాత్‌రూమ్‌లో రెండు అంగుళాల నీళ్లు నిలబెట్టి, ఒక రోజు ఆ బాత్‌రూమ్ వాడకండి. నీళ్లలో కొంచెం రంగు కలపండి. కింద ఆ రంగు కనిపించిందంటే ఇంక వాదన ఏముంది.

పగుళ్ల సంగతికొస్తే, బీమ్ కింద అడ్డంగా వచ్చేది చాలావరకు ఇటుక గోడకీ కాంక్రీటుకీ మధ్య అతుకు దగ్గరిది. గోడని ఆదరాబాదరాగా బీమ్ దాకా లేపేసి, ఆ అతుకు మీద చికెన్ మెష్ (సన్న ఇనుప వల) కొట్టకుండా ప్లాస్టరింగ్ చేస్తే ఇలాగే వస్తుంది. పనితనం లోపమే గానీ బిల్డింగ్ పడిపోదు, కంగారు పడకండి. కిటికీ మూలది మాత్రం గమనించాలి. పగులు రెండు చివర్లా పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ రాసి, స్కేలు పెట్టి ఫోటో తియ్యండి. నెలకోసారి చూడండి, గీత దాటి సాగుతోందంటే అప్పుడు స్ట్రక్చరల్ ఇంజినీర్ని పిలిపించాలి. మళ్లీ చెప్తున్నా, ఇవన్నీ అయ్యేదాకా ఆ పెయింటర్ని గడప దాటనివ్వద్దు.

కోర్టు పక్షి:

బావమరిది గారి సలహా వినడానికి బాగుంటుంది కానీ పని జరగదు. ప్లాన్ ప్రకారం కట్టాడా, చుట్టూ వదలాల్సిన ఖాళీ (సెట్‌బ్యాక్) వదిలాడా, అదనపు అంతస్తు లేపాడా, మున్సిపాలిటీ చూసేది అది. అనుమతి ఇచ్చేటప్పుడు కట్టే విస్తీర్ణంలో కొంత భాగం వాళ్లకి తనఖా పెట్టించుకునేవాళ్లు నిజమే, కానీ ఇంట్లో దిగొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక అది కూడా విడుదలైపోతుంది. మీ బాత్‌రూమ్ వాటర్ ప్రూఫింగ్ వాళ్ల లెక్కలోది కాదు.

మీకు పనికొచ్చేది రెరా, అంటే బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ. దాని 2016 చట్టంలో సెక్షన్ 14, మూడో ఉపసెక్షన్ తీసి చదవండి, అరపేజీ కూడా ఉండదు. పొజెషన్ ఇచ్చిన రోజు నుంచి ఐదేళ్ల లోపు నిర్మాణంలో గానీ, పనితనంలో గానీ, నాణ్యతలో గానీ లోపం బయటపడి మీరు బిల్డర్ దృష్టికి తెస్తే, 30 రోజుల్లో పైసా తీసుకోకుండా బాగుచెయ్యాలి, చెయ్యకపోతే పరిహారం ఇవ్వాలి. మీకు 2027 ఫిబ్రవరి దాకా టైమ్ ఉంది. అయితే మీరు ఏడాదిగా చేసిన ఫోన్ కాల్స్‌ని రేపు ఏమని చూపిస్తారు? స్పీడ్ పోస్టులో రిజిస్ట్రేషన్ పెట్టించి, అందినట్టు రుజువుతో, ఏ గదిలో ఏ లోపమో విడివిడిగా రాసి పంపండి. ఆ 30 రోజులు ఎప్పుడు మొదలయ్యాయో ఆ రుజువు మీద తేదీయే చెప్తుంది.

ఒక మెలిక ఉంది. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 500 చదరపు మీటర్లంటే మన లెక్కలో దాదాపు 598 గజాలు. విజయవాడలో చిన్న స్థలాల్లో లేచిన అపార్ట్‌మెంట్లు బోలెడు ఇందులోంచి జారిపోతాయి. మీది ఎన్ని గజాలు, ఎన్ని ఫ్లాట్లు?

అది కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 50 లక్షల లోపు చెల్లించిన కేసులు అక్కడికే వెళ్తాయి, 20 నుంచి 50 లక్షల మధ్య అయితే ఫీజు వెయ్యి రూపాయలే. రెరా ఉన్నంత మాత్రాన ఆ దారి మూసుకుపోదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది, కానీ ఒకే పరిహారం కోసం రెండు చోట్లా వెయ్యకండి. అక్కడ గడువు రెండేళ్లే, అదీ గుర్తుపెట్టుకోండి. డాక్యుమెంట్‌లో లేని 15 లక్షల ఊసు మాత్రం ఎక్కడా రాయకండి బాబూ, బిల్డర్ సంగతేమో గానీ ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకి మీరే దారి చూపించినట్టవుతుంది. మీరు అడిగేది రిపేరు ఖర్చు, దానికి 31 లక్షల డాక్యుమెంటే చాలు.

చిన్న బిల్డర్ని:

తిడతారని తెలిసే రాస్తున్నా. అందరూ బిల్డర్ని దొంగ అనేస్తే ఎలాగండి. నేను గుణదలలో మూడు బిల్డింగులు కట్టాను. తాళాలు ఇచ్చిన నెలకే టైల్స్ నచ్చలేదని బాత్‌రూమ్ తవ్వించి, సొంత మేస్త్రీతో కొత్తవి వేయించుకుని, ఆ తర్వాత లీకవుతోందని నా దగ్గరకొచ్చిన వాళ్లున్నారు. తవ్వినప్పుడు వాటర్ ప్రూఫింగ్ పొర చిరిగిపోతుంది, దానికి నేనేం చెయ్యాలి? గీజర్‌కీ ఏసీకీ ఎక్కడపడితే అక్కడ డ్రిల్ కొట్టిస్తారు. అడిగిన పెద్దమనిషి బాత్‌రూమ్ ముట్టుకోలేదు అంటే మాత్రం తప్పు కట్టినవాడిదే, పుట్టీతో పోయేది కాదు, టైల్స్ లేపాల్సిందే. నేనైతే లేపిస్తాను. బాత్‌రూమ్‌కి ఖర్చు ఎంతవుతుందో నాకు తెలుసు, ఆ ఖర్చు తప్పించుకోవడానికే వాడు పెయింటర్ని పంపిస్తున్నాడని కూడా తెలుసు.

గోరంట్ల, గుంటూరు:

మాది ఫ్లాట్ కాదు, సొంత స్థలంలో కాంట్రాక్టర్‌కి ఇచ్చి కట్టించుకున్న ఇల్లు, కాబట్టి రెరా అనే మాటే లేదు. మా వైపు నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలు విచ్చుతుంది, పునాది దానికి తగ్గట్టు వెయ్యకపోతే గోడలు దానితోపాటే ఊగుతాయి. మా కాంట్రాక్టర్ మామూలు పునాది వేసి పైన మెరుగులు దిద్దాడు. రెండో వేసవికి వంటింటి గోడలో నా చిటికెన వేలు దూరేంత పగులు.

నేను చేసిన తప్పు చెప్తా. మొదటిసారి వాడు వచ్చి సిమెంటు పాలు పోసి మూసి రంగు వేస్తానంటే సరే అన్నాను, ఫోటో కూడా తియ్యలేదు. ఆర్నెల్లకి మళ్లీ విచ్చింది. వినియోగదారుల కమిషన్‌లో వేస్తే వాడి లాయరు "ఇది కొత్త పగులు, పక్క స్థలంలో బోరు వేసినందువల్ల వచ్చింది" అన్నాడు. పాత పగులు ఉండేదని చూపించడానికి నా దగ్గర ఏముంది? చివరికి మా అమ్మాయి పుట్టినరోజు ఫోటోల్లో కేకు వెనక గోడ కనిపించింది, అది పట్టుకెళ్లాం. నవ్వకండి, అదే పనికొచ్చింది. చూసి రిపోర్టు ఇమ్మని కమిషన్ వేసిన లాయరు (అడ్వకేట్ కమిషనర్‌) ఇంజినీర్ని వెంటబెట్టుకొచ్చి పలుగుతో ప్లాస్టర్ కొట్టించి చూశారు, పగులు ఇటుకలోకి వెళ్లింది. ఆ రిపోర్టు వచ్చాక కాంట్రాక్టర్ రాజీకొచ్చాడు. మొత్తం ఏడాదిన్నర పట్టింది, రాజీ డబ్బులో కొంత పునాదికే పోయింది.

పోరంకి ఫ్లాట్:

అందరికీ థ్యాంక్స్ అండి. స్థలం 660 గజాలు, ఫ్లాట్లు 15, బ్రోచర్ మీద రెరా నంబర్ ఉంది, వెబ్‌సైట్‌లో కొట్టి చూశాను, వచ్చింది. బాత్‌రూమ్‌లో మేం ఒక్క టైల్ కూడా మార్చలేదు, గీజర్ కూడా బిల్డర్ వదిలిన పాయింట్‌కే పెట్టాం.

రెండో అంతస్తు వాళ్లింటికి వెళ్లాను. వాళ్లు సీలింగ్‌కి పీవీసీ షీట్ కొట్టించేసుకున్నారు, అందుకే ఇన్నాళ్లూ తెలియలేదు. షీట్ ఒకటి ఊడదీసి చూస్తే స్లాబ్ కింద తెల్లగా మంచు కడ్డీల్లా వేలాడుతున్నాయి, ఒకదాని చివర నీటి చుక్క నిలబడి ఉంది. వాళ్లావిడ "మాకు మీ మీదే కోపంగా ఉండేదండీ" అంది. ఆ లైన్‌లో పైనుంచి కిందిదాకా ఐదు ఫ్లాట్లు, నాలుగింట్లో ఇదే వరస.

కోర్టు పక్షి:

అయితే ఒంటరిగా వెయ్యకండి. రెరాలో అసోసియేషన్ కూడా ఫిర్యాదు చెయ్యొచ్చు. నాలుగు ఇళ్లలో ఒకేచోట ఒకే లోపం అంటే "మీ వాడకం వల్ల" అనే మాట బిల్డర్ నోటికి రాదు. ఉత్తరం మాత్రం నలుగురూ విడివిడిగా కూడా పంపండి.

పోరంకి ఫ్లాట్:

నిన్న నలుగురం కలిసి పోస్టాఫీసుకి వెళ్లి పంపేశాం. కింది ఫ్లాట్ వాళ్ల అబ్బాయి లేఖలన్నీ టైప్ చేశాడు. రంగు నీళ్ల పరీక్ష మా బాత్‌రూమ్‌లోనే చేశాం, పసుపు కలిపాం, మర్నాడు మధ్యాహ్నానికి కింద దిగింది, తేదీ కనిపించేలా వీడియో తీశాం. పెయింటర్ చెప్పినట్టే ఆదివారం పొద్దున్నే పుట్టీ బకెట్‌తో వచ్చాడు. మా ఆవిడే తలుపు తీసి, టీ ఇచ్చి, పంపించేసింది.