‘కడువడిఁ జను’: వడికి దిక్కు లేదా?

చివరి బెంచీ:
పొద్దున్నుంచి పోతన గజేంద్రమోక్షంలోని ఒక పద్యం ముక్క బుర్రలో తిరుగుతోంది. “అడిగెద నని కడువడిఁ జను, నడిగినఁ దన మగ...” ఇక్కడికొచ్చి ఆగిపోతోంది. మగడా, మగుడా?

ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి స్పీడ్‌కీ వెలాసిటీకీ తేడా ఏంటి నాన్నా అంది. నేను తెలుగు మీడియం వాణ్ణి, ఠక్కున “వడి, వేగం” అన్నాను. దానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. మా సారు మాకు నేర్పింది ఒకే వాక్యం: “వడికి దిక్కు లేదురా, వేగానికి ఉంది.” పరీక్షలో నేను “వడి దిక్కులేనిది” అని రాస్తే అర మార్కు కోసి, పక్కన ఎర్ర సిరాతో “పాపం” అని రాశారు.

సందేహం ఏమిటంటే, లక్ష్మీదేవి భర్త వెనకాలే పోతోంది. దిక్కు ఉన్నట్టే కదా! మరి పోతన ‘కడువడి’ (చాలా వడిగా) అన్నాడేం?

కందగడ్డ:
మగుడ. “తన మగుడ నుడుగఁడని నడ యుడుగున్.” మగుడ అంటే తిరిగి. అడిగితే తిరిగి మాట్లాడడేమోనని ఆగిపోయింది. మగడు అన్నది నోటి పాఠం.

సుద్దముక్క:
బెంచీ గారూ, మీ సారు చెప్పింది సరైనదే, మీరు రాసిందే తేడా. దిక్కు లేకపోవడం కాదు, దిక్కును లెక్కలోకి తీసుకోకపోవడం. పాపకి ఇలా చెప్పండి. 400 మీటర్ల ట్రాక్ మీద 80 సెకన్లలో ఒక చుట్టు కొట్టి బయల్దేరిన గీత దగ్గరే ఆగింది. సరాసరి వడి సెకనుకు 5 మీటర్లు. సరాసరి వేగం సున్నా, ఎందుకంటే స్థానభ్రంశమే (మొదలైన చోటికీ ఆగిన చోటికీ మధ్య ఎడం) లేదు. ఇది చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు “మరి చెమట ఎందుకు పట్టింది టీచర్?” అని అడుగుతారు. అడిగినవాడికి అర్థమైనట్టే లెక్క.

మెజెస్టిక్ బస్టాండ్:
మా బెంగుళూరు పుస్తకాల్లో స్పీడ్ ‘జవ’, వెలాసిటీ ‘వేగ’. తమిళులు తెలివైనవాళ్లు, స్పీడ్‌ని వేగం అనే ఉంచి వెలాసిటీకి ‘దిసైవేగం’ అన్నారు. దిక్కు పేరులోనే ఉంది, ఇక ఏ సారూ మార్కు కోయలేడు. కన్నడం వాళ్ల జంట మాత్రం ఆంజనేయుడి శ్లోకంలో ఒకే పాదంలో ఉంది చూడండి: “మనోజవం మారుతతుల్యవేగం”. మనసుకు దిక్కుండదు కాబట్టి జవం, గాలికి ఉంటుంది కాబట్టి వేగం!

కందగడ్డ:
అన్నా, మనోవేగం అని కూడా అంటాం. మీ పేకమేడ ఒక్క ఊదుకే పడిపోతుంది.

అవచ్ఛేదకం:
పూర్తిగా కొట్టిపారేయకండి. వేగానికి దిక్కు అంటగట్టింది పాఠ్యపుస్తకాల వాళ్లు కాదు. వైశేషిక దర్శనానికి భాష్యం రాసిన ప్రశస్తపాదుడు వేగాన్ని “నియతదిక్‌క్రియాప్రబంధహేతుః” అన్నాడు. ఒక నియతమైన దిక్కులో కదలిక వరసగా సాగడానికి కారణమైనది అని. వైశేషికుల లెక్కలో అది సంస్కారం అనే గుణంలో ఒక రకం. మన అన్నంభట్టు కూడా తర్కసంగ్రహంలో మూడు సంస్కారాలు చెప్పాడు: వేగం, భావన, స్థితిస్థాపకం.

సుద్దముక్క:
అయ్యా, అది కదలికకు కారణం. మా వేగం కారణం కాదు, కొలత. మీరు చెప్పేది ద్రవ్యవేగానికి (మొమెంటం) దగ్గరగా ఉంది. వెలాసిటీకి పేరు పెట్టినవాళ్లు తర్కం తిరగేశారంటే నమ్మను.

అవచ్ఛేదకం:
మరి రబ్బరు పాఠంలో మీరు పిల్లలకు చెప్పే ‘స్థితిస్థాపకత’ ఎక్కడిదండీ? పై వరసలో మూడోది. మూడోదాన్ని ఎత్తుకొచ్చినవాళ్లకు మొదటిది కంటపడదా?

సుద్దముక్క:
...సరే, ఇది మీకే. కానీ దిక్కు ఉందని వేగాన్ని ఎంచుకున్నవాళ్లు దాన్ని నిలబెట్టుకోలేదు. ‘పలాయన వేగం’ సెకనుకు 11.2 కిలోమీటర్లు అంటాం. గాలి నిరోధం పక్కన పెడితే నిట్టనిలువుగా విసిరినా ఏటవాలుగా విసిరినా భూమిని వదిలిపోవడానికి అదే విలువ, దిక్కుతో పనిలేదు. అది పలాయన వడి అనాలి. కాంతి వేగం అని చదివే 3 లక్షల కిలోమీటర్ల సంగతీ అంతే. మాస్టారూ, ప్రశస్తపాదుణ్ణి అడగండి.

జొన్నచేను:
నాదొక ముక్క. వడి అంటే నూలుకు పడే మెలిక కూడా కదా. చిన్నప్పుడు మంచె ఎక్కి పిట్టల మీదకు వడిసెల తిప్పేవాళ్లం. రాయి ఒకే వడితో గిరగిరా తిరుగుతుంది, దాని దిక్కు మాత్రం క్షణక్షణం మారిపోతుంది. పేట వదిలిన క్షణంలో ఎటు పోతుందో అటే తిన్నగా పోతుంది. ఒకసారి క్షణం ఆలస్యంగా వదిలితే మా పెదనాన్న మజ్జిగ ముంతకు తగిలింది. కాబట్టి వడి అనే మాట పుట్టిందే తిరగడం నుంచి. తిరిగేదానికి నిలకడైన దిక్కెక్కడిది!

కందగడ్డ:
రూపం ఒకటైతే పుట్టుక ఒకటి కాదు బాబాయ్. ఆ లెక్కన యతిని కూడా వడి అంటాం, అదీ తిరుగుతుందా? ముంత సంగతి మాత్రం బాగుంది.

మెజెస్టిక్ బస్టాండ్:
యతి అన్నారు కాబట్టి అడుగుతున్నా. మగుడ, మగడు... యతితో తేల్చొచ్చుగా?

కందగడ్డ:
తేలదు. యతి ‘అడిగిన’లోని అకారానికీ ‘అని’లోని అకారానికీ. మగుడ అన్నా మగడు అన్నా అది చెక్కుచెదరదు. గు లఘువే, గ లఘువే, గణాలూ మారవు. అసలు ఆ కందంలో 60 లఘువులు, 2 గురువులు, అంతే. 64 మాత్రలు సరిపోయాయి. ఆ 2 గురువులు ఎక్కడ పడ్డాయో చూడండి: ‘నడ యుడుగున్’, ‘ఎడలన్’. లఘువులన్నీ పరుగు, గురువు దగ్గర అమ్మవారి అడుగు ఆగింది. త్వరణం, రుణ త్వరణం రెండూ కందంలోనే ఉన్నాయి టీచర్ గారూ!

అవచ్ఛేదకం:
కందంలో 2, 4 పాదాల చివర గురువు తప్పనిసరి. అది ఛందస్సు పెట్టింది, పోతన పెట్టింది కాదు.

కందగడ్డ:
తప్పనిసరి చోటికి ‘ఉడుగున్’ అన్న మాటను తెచ్చి కూర్చోబెట్టింది పోతనే కదండీ.

జొన్నచేను:
నాకు మగడే బాగుంది. “తన మగుడ” అంటే ఆ ‘తన’ గాల్లో వేలాడుతుంది. “తన మగఁడు” అంటే మాట కుదురుగా ఉంది. మా నాయనమ్మ అలాగే చదివేది.

కందగడ్డ:
‘తను మగుడ’ అని చదివితే వేలాడదు. తనతో తిరిగి మాట్లాడడు అని.

సుద్దముక్క:
నాకు గు, గ కన్నా పెద్ద చిక్కు కనిపిస్తోంది. “సిరికిం జెప్పఁడు” పద్యంలో, లక్ష్మి పైట కొంగైనా వదలడని, “శ్రీకుచోపరిచేలాంచలమైన వీడఁడు” అన్నాడుగా. కొంగు ఆయన చేతిలోనే ఉంది. పట్టుకున్నవాడు ఆగకుండా పోతుంటే, కొంగు బిగిశాక ఇద్దరి వేగమూ ఒకటే అవ్వాలి. ఈవిడ ‘నడ యుడుగున్’ ఎలా? ఆగితే చీర చిరగాలి.

మెజెస్టిక్ బస్టాండ్:
పట్టుచీర కాబట్టి కాస్త వదులుంది. వదులున్నంతసేపూ ఆగొచ్చు. బిగిశాక “వెడవెడ సిడిముడి తడఁబడ నడుగిడు”. లాగితే వేసే అడుగు అలాగే ఉంటుంది.

సుద్దముక్క:
ఒప్పుకున్నాను. రేపు క్లాసులో ఇదే లెక్క.

చివరి బెంచీ:
అందరికీ దండాలు. పాప నిద్రపోయింది. పడుకునే ముందు “స్కూటర్ ముల్లు చూపించేది స్పీడ్, అది ఎటు పోతున్నావో చెప్పదు” అన్నాను, సరే అంది. నా పద్యం మాత్రం ఇంకా మగ దగ్గరే ఆగి ఉంది. ఇంకో సంగతి, రోడ్డు మీద “వేగం కన్నా ప్రాణం మిన్న” అని రాస్తారే, ముల్లు చూపించేది వడి కదా. ఆ బోర్డు తప్పా?

అవచ్ఛేదకం:
“వడి కన్నా” అని రాస్తే ఎవడూ బ్రేక్ వేయడు. అయినా స్పీడోమీటర్‌ను తెలుగులో ఏమనాలి? వడిమాపకమా, వేగమాపకమా?

కందగడ్డ:
దానికి వేరే పోస్టు పెట్టండి మాస్టారూ. ఇక్కడ మగుడ సంగతి తేలలేదింకా.