స్టార్‌డ్యూ వ్యాలీ వీడియో గేమ్‌లో పొలం అందంగా కనిపించాలి, పనీ తగ్గాలి: ఎలా అమర్చాలి?

వాటంతటవే నీళ్లు చల్లే ఇరిడియం స్ప్రింక్లర్లు చేతికొచ్చాయి కాబట్టి మళ్లన్నీ కొత్తగా వేస్తున్నాను. ఒక్కో స్ప్రింక్లర్ చుట్టూ 24 గడులు తడుస్తాయి, అంటే 5×5 చదరాలు పక్కపక్కనే పేర్చుకుంటూ పోవచ్చు. జునిమోలు (ఆటలోని చిన్న అడవి ఆత్మలు) ఉండే గుడిసె కడితే, దాని చుట్టూ 17×17 గడుల్లో పంటను అవే కోస్తాయి. మూడు చదరాలకు 15 గడులు పోగా మిగిలే రెండు వరుసలను బాటగా వదులుదామనుకుంటున్నాను. లెక్క బాగానే కుదిరింది. చూడటానికి మాత్రం పొలమంతా గళ్ల నోటుపుస్తకంలా ఉంది, నాకు అది అస్సలు నచ్చడం లేదు.

ద్రాక్ష, హాప్స్ పందిళ్ల గుండా మనం నడవలేం కదా, వాటిని అంచుల్లో వేసి కంచెలా వాడుకుంటే బాగుంటుందా? కోతకు ఇబ్బంది అవుతుందా? తేనెపెట్టెకు 5 గడుల లోపు పువ్వు ఉంటే ఆ పూల తేనె వస్తుంది కాబట్టి, ఇంటి ముందే పూలమడి వేయాలని గట్టి కోరిక. ఇక పశువుల కొట్టం, కోళ్ల గూడు ఎటువైపు కడితే ఉదయం తిరుగుడు తగ్గుతుంది?

దిష్టిబొమ్మ 8 గడుల దూరం వరకు కాకులను ఆపుతుంది. దాన్ని ఎక్కడ నిలబెడితే మడి అందం చెడకుండా ఉంటుంది? మీ పొలాల చిత్రాలుంటే తప్పకుండా చూపించండి.