ఎనిమిదో నెలలో బీపీ పెరిగింది, రాత్రుళ్లు భయంతో నిద్ర పట్టడం లేదు

ప్రశ్న:
నాకు ఇది తొలి కాన్పు, 33వ వారం నడుస్తోంది. సూర్యాపేట దగ్గర పల్లెలో పుట్టింట్లో ఉన్నాను. మొన్నటి పరీక్షలో బీపీ 144/92 వచ్చింది; మూత్రంలో ప్రోటీన్ లేదని చెప్పి, డాక్టరు గారు లాబెటలాల్ మాత్రలు రాసి, ఇంట్లో కూడా బీపీ చూసుకోమన్నారు. పగలు ఎలాగో గడుస్తోంది కానీ, రాత్రి లైటు ఆర్పగానే బిడ్డ కదులుతోందో లేదోనని పొట్ట మీద చేయి వేసుకుని కూర్చుంటున్నాను. బీపీ పదేపదే చూసుకుంటే ప్రతిసారీ వేరే అంకె వస్తోంది. కాళ్ల వాపు అందరికీ ఉండేదేనని అమ్మ అంటుంది, ఉప్పు పూర్తిగా మానేయమని అత్తయ్య అంటున్నారు. దేనికి భయపడాలి, దేన్ని వదిలేయాలి?

జవాబు 1 (విశ్రాంత స్టాఫ్ నర్సు):
అమ్మా, కాళ్ల వాపు ఒక్కటే అయితే మీ అమ్మగారి మాట నిజమే. అయితే ముఖం, చేతులు ఉన్నట్టుండి ఉబ్బినా, మాత్ర వేసుకున్నా తగ్గని తలనొప్పి వచ్చినా, కళ్లు మసకబారినా, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి పుట్టినా, బీపీ 160/110కి చేరినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. ఎందుకంటే పెద్దలు గుర్రపువాతం అనే ఫిట్స్‌కు ముందు సాధారణంగా కనిపించే లక్షణాలు ఇవే. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా అంతే. బీపీని మీ డాక్టరు వేరేగా చెప్పకపోతే ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసుకుంటే చాలు. ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, చేతిని గుండె ఎత్తులో ఉంచి చూసి, వచ్చిన అంకెను పుస్తకంలో రాయండి. ఆందోళనతో వెంటవెంటనే చూస్తే అంకె పెరుగుతుంది. ఉప్పు మామూలుగా తినండి. పూర్తిగా మానేస్తే ఈ జబ్బు ఆగదు. పచ్చళ్లు, అప్పడాలు మాత్రం తగ్గించండి.

జవాబు 2:
చెల్లీ, నాకూ ఇదే బీపీ వచ్చి, బాబు నెల తక్కువగా పుట్టాడు, ఇప్పుడు బడికి వెళ్తున్నాడు. నాకు ధైర్యమిచ్చింది కదలికలను లెక్కపెట్టే పద్ధతి: భోజనం చేశాక ఎడమవైపు తిరిగి పడుకుని లెక్కిస్తే రెండు గంటల్లో పది కదలికలైనా తెలియాలి. అంతకన్నా తక్కువైనా, రోజూ ఉండే తీరు మారినా, తెల్లవారే దాకా ఆగకుండా బయలుదేరాలి. రిపోర్టుల ఫైలు తలుపు దగ్గరే పెట్టుకోండి. 108తో పాటు ఊళ్లో రాత్రి ఏ వేళైనా వచ్చే బండి ఎవరిదో మీ వారితో ఇప్పుడే మాట్లాడించండి.

జవాబు 3:
ఈ భయం గురించి డాక్టరు గారికి కూడా చెప్పండి, అది దాచుకోవలసిన విషయం కాదు. అర్ధరాత్రి ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. కాన్పు అయిపోతే మాత్రలు ఆపేయవచ్చా?

జవాబు 1:
మీ అంతట మీరు ఆపవద్దమ్మా. కాన్పు తరువాత మొదటి వారంలోనూ బీపీ పెరగవచ్చు. పైన చెప్పిన తలనొప్పి, చూపు మసక వంటివి బాలింతగా ఉన్న ఆరు వారాల్లో ఎప్పుడు కనిపించినా అదే తొందరతో వెళ్లాలి. ఇది మీ అమ్మగారికి కూడా చదివి వినిపించండి.