అప్‌డేట్: అమ్మ థైమోమా రిపోర్ట్ వచ్చింది

పోయిన నెల ఇక్కడే అడిగాను. మాది దేవరకొండ దగ్గర ఊరు. సాయంత్రమైతే అమ్మకు ఎడమ కంటి రెప్ప వాలిపోయేది, అన్నం నమలలేకపోయేది. మయస్థీనియా గ్రేవిస్ (నరాల సంకేతం సరిగా అందక కండరాలు బలహీనపడే జబ్బు) అన్నారు. సీటీలో రొమ్ము ఎముక వెనక గడ్డ కనబడింది. ఇది క్యాన్సరేనా అన్నదే నా ప్రశ్న.

హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి థైమస్ (రొమ్ము ఎముక వెనక ఉండే గ్రంథి) మొత్తం తీసేశారు. రిపోర్ట్: థైమోమా (థైమస్‌లో పుట్టే గడ్డ), టైప్ బీ2 (కణాల తీరును బట్టి రకం), మసావోకా స్టేజ్ 2ఏ (గడ్డ ఎంతవరకు పాకిందో చెప్పే లెక్క).

"లింఫోసైట్లు ఎక్కువ" అన్న మాట చూసి లింఫోమా (లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల క్యాన్సర్) అనుకుని చాలా టెన్షన్ పడ్డాను. పాథాలజీ డాక్టరమ్మ నన్ను మైక్రోస్కోప్ దగ్గర కూర్చోబెట్టారు. ఆవాలు చల్లినట్టు ముదురు నీలం చుక్కలు. అవి ఇంకా ఎదగని టీ కణాలు (ఒక రకం లింఫోసైట్లు), గడ్డ కణాలు కావట. వాటి మధ్య లేత రంగులో పెద్దగా ఉన్న ఎపిథీలియల్ కణాలే (థైమస్ సొంత కణాలు) అసలు గడ్డ. బీ1 నుంచి బీ3కి పోయేకొద్దీ చుక్కలు తగ్గి ఇవి పెరుగుతాయి. టైప్ ఏలో కణాలు కదురులా సన్నగా ఉంటాయి, ఏబీ రెండూ కలిసింది. థైమస్‌లోనే వచ్చే థైమిక్ కార్సినోమా అనే క్యాన్సర్ వేరే, దాని తీరు ఇంకా మొండిది.

నా ప్రశ్నకు జవాబు: అవును, క్యాన్సర్ కిందే లెక్క, కానీ చాలావరకు మెల్లగా పెరిగేది. టైప్ అక్షరం కన్నా స్టేజ్, గడ్డ పూర్తిగా వచ్చిందా లేదా అన్నవే ముఖ్యమట. 2ఏ అంటే గడ్డ పైపొరను మైక్రోస్కోప్‌లో మాత్రమే కనబడేంత దాటింది. అమ్మకు తీసిన ముక్క అంచులు శుభ్రంగా ఉన్నాయి, అంటే అక్కడ గడ్డ కణాలు లేవు.

రేడియేషన్ సంగతి వచ్చే వారం చెప్తారు. మయస్థీనియాకు ఇచ్చే పైరిడోస్టిగ్మిన్ మాత్రలు నడుస్తున్నాయి. నిన్న రాత్రి అమ్మ జొన్న రొట్టె తనంతట తానే నమిలి తిన్నది.