"చూడ చూడ"నా, "చూడఁ జూడ"నా?

గోడమీదపిల్లి: అమెరికా సినిమా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ మీద నాలుగు మాటలు రాసుకుంటున్నాను. ఆయన పోయింది 2013లో. ఇప్పటికీ ఏ సినిమా చూసొచ్చినా "ఈయన దీన్ని ఏమనేవాడో" అనుకోకుండా నిద్రపట్టదు నాకు. శీర్షికగా "ఉప్పు కప్పురంబు"లో రెండో పాదం పెడదామనుకున్నా. నా నోటికి "చూడ చూడ" అనే వస్తోంది, ఎక్కడో "చూడఁ జూడ" అని చదివిన గుర్తు. ఏది పెట్టను? ఇంకో పీకుడు కూడా ఉంది, ఆ చూడటం కంటితోనా నాలుకతోనా?

యతిభంగం: చూడన్ ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని మీద పరుషం (క చ ట త ప) సరళం (గ జ డ ద బ) కావాల్సిందే. కాబట్టి జూడ. ఇందులో చర్చేముంది?

తాటాకు: ఉందండీ. ఇది జనం నోట బతికిన పద్యం. బ్రౌన్ దొర 1829లో వేమనని అచ్చు వేయించక ముందు పాడుకున్నవాళ్లు అరసున్న పలికారంటారా? పైగా చూ-జా యతి కుదరలేదని ఎవరో పండితుడు రెండో చూడని దిద్ది ఉంటాడని నా అనుమానం.

యతిభంగం: అయ్యా, అక్కడున్నది ప్రాసయతి, అంటే మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు కలవడం. మొదటి "చూడ"కీ "జాడ"కీ డకారంతో పొత్తు. రెండో చూడ చకారమైనా జకారమైనా ఛందస్సుకి పట్టదు, అడిగేది వ్యాకరణమే. అనుమానించే ముందు గణాలు వేసుకోవాలి.

చిల్లరశ్రీ: మీరిద్దరూ ఒక్క అక్షరం దగ్గరే కూర్చున్నారు. రుచి అంటే సంస్కృతంలో కాంతి కూడా. చూడగా చూడగా రెంటి మెరుపులూ వేరని తెలుస్తుంది, అదీ అర్థం! తెర మీద పడే వెలుగు గురించి బతుకంతా రాసినవాడికి ఇంతకంటే ఏం కావాలి?

తాటాకు: బాగుంది గానీ పై పాదంలోనే "ఒక్క పోలిక" అన్నాడు కదా. మెరుపు కూడా పోలికలోకే వస్తుంది. వేమన అంత తిరకాసుగా మాట్లాడడు. తెలుగులో వాసన చూస్తాం, నాడి చూస్తాం, అడిగి చూస్తాం. ఇక్కడ నాలుక మీద వేసుకుని చూడమనే.

గోడమీదపిల్లి: నాకు గుచ్చుకున్నది అక్కడే. 2006లో క్యాన్సర్ ఆపరేషన్ల తర్వాత ఈబర్ట్‌కి మాట పోయింది, తిండీ నీళ్లూ నోటితో తీసుకునే వీలు కూడా పోయింది. ఆ మనిషే 2010లో రైస్ కుక్కర్ వంటల మీద పుస్తకం రాశాడు. ఇక తాగలేని రూట్ బీర్ రుచిని తలుచుకుంటూ ఒక వ్యాసం కూడా రాశాడు, అది చదివాక నేను కాసేపు లేవలేకపోయాను. నాలుకతో చూడటం పోయినవాడికి ఈ పాదం పెడితే వెక్కిరింత అవుతుందేమోనని నా టెన్షన్.

చిల్లరశ్రీ: కాదు. ఆయన కొలరాడోలో ఏటా ఒకే సినిమాని రోజుల తరబడి వేసేవాడు, హాల్లో ఎవరు ఆపమంటే అక్కడ ఆపేసి ఆ ఫ్రేమ్ గురించి మాట్లాడుకునేవాళ్లు. "చూడ చూడ" అంటే అదే, మళ్లీ మళ్లీ చూడటం. జకారం పెడితే ఆ రెట్టింపు చెవికి ఆనదు.

యతిభంగం: చెవికి ఆనకపోతే వ్యాకరణం మారదు.

గోడమీదపిల్లి: 1975లో సినిమా విమర్శకి మొట్టమొదటి పులిట్జర్ తెచ్చుకున్నవాడండీ, జనానికి మాత్రం టీవీలో సినిమా బాగుందని పైకెత్తిన బొటనవేలే గుర్తు. సగం చూసి వదిలేయడమంటే ఇదే. పైకో కిందికో అయితే ఉప్పూ కర్పూరం ఒకటే మరి.

తాటాకు: కర్పూరం కాదు, కప్పురంబు. "కర్పూ" వేస్తే గణం చెడుతుంది, ఈ ఒక్కసారికి యతిభంగం గారి తరఫున నేనే చెప్తున్నా.

యతిభంగం: సంతోషం. అయితే "కప్పురంబు నొక్క"లో ఆ నకారం ఎక్కడిదో కూడా చెప్పండి చూద్దాం.

తాటాకు: "ఉప్పును కప్పురంబును" అని రెంటినీ కలిపే సముచ్చయంలో ను.

యతిభంగం: మరి ఉప్పు పక్కన ఏమైంది ఆ ను?